అది తేలికే మాస్టారూ

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక చిన్న లెక్క. కాగితం, కలం అక్కర్లేదు, వింటూ ఉంటే చాలు. వరసగా వచ్చే నాలుగు సంఖ్యలు తీసుకోండి. 3, 4, 5, 6 అనుకుందాం. నాలుగింటినీ గుణిస్తే 360. దానికి ఒకటి కలిపితే 361. అంటే 19ని 19తో హెచ్చిస్తే వచ్చేది. మీరు ఏ నాలుగు తీసుకున్నా ఇంతే. ఒకటి కలపగానే ఏదో ఒక సంఖ్యకు వర్గమై కూర్చుంటుంది.

ఎందుకలా? ముప్పై ఏళ్ళపాటు నేను దీన్ని ఒకే తీరున చెప్పాను. ఎన్, ఎన్ ప్లస్ వన్ అని మొదలుపెట్టి, బ్రాకెట్లన్నీ విప్పి, మళ్ళీ కట్టి, సగం బోర్డు నింపేవాణ్ణి. చివర చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ "తేలికే కదా" అనేవాణ్ణి. అది నా ఊతపదం. నా వెనక పిల్లలు దాన్ని అనుకరించి నవ్వుకునేవారని తెలుసు. నేనూ విననట్టు నటించేవాణ్ణి.

ఒకరోజు మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి, చెయ్యి కూడా ఎత్తకుండా, "మాస్టారూ, అటు చివరదీ ఇటు చివరదీ గుణించి, మధ్యవి రెండూ విడిగా గుణిస్తే సరిపోదా?" అంది. మూడార్లు పద్దెనిమిది. నాలుగైదులు ఇరవై. తేడా రెండు. ఏ నాలుగు తీసుకున్నా ఆ తేడా రెండే. రెండు తేడా ఉన్న సంఖ్యల్ని గుణించి ఒకటి కలిపితే, వాటి మధ్యనున్న సంఖ్యకు వర్గం వస్తుందని అంతకుముందు వారమే వాళ్ళకు చెప్పాను. చెప్పింది నేనే. ఆ రెండింటినీ ముడిపెట్టాలని మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

అప్పుడు నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "పరీక్షలో అలా రాస్తే మార్కులు పడవు. స్టెప్పులన్నీ రాయాలి" అన్నాను. అది అబద్ధం. మార్కులు పడతాయి. ఆ పిల్ల మారు మాట్లాడకుండా కూర్చుని, నోట్సులో రాసుకున్నది రబ్బరుతో చెరిపేసింది. ఆ రబ్బరు పొట్టును అరచేత్తో బల్లమీంచి తుడిచిన తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

శిష్యుడి చేతిలో ఓడిపోవాలని కోరుకోమన్నారు పెద్దలు. శిష్యాదిచ్ఛేత్ పరాజయం. వినడానికి ఎంత బావుంటుందో! సన్మాన సభల్లో నేనూ చెప్పాను ఆ మాట. కానీ ఆ ఓటమి శాలువా కప్పుకుని ఉన్నప్పుడు రాదు. చేతిలో సుద్దముక్క ఉన్నప్పుడు, నలభై మంది పిల్లల ఎదుట, తప్పుకోవడానికి ఇంత చోటు లేనప్పుడు వస్తుంది.

మనకంటే చాలా గొప్పవాళ్ళకే అది మింగుడుపడలేదు. పుస్తకాలు బైండు చేసే పని నేర్చుకుంటున్న మైకేల్ ఫారడే, అప్పటికే పేరున్న శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును తనే బైండు చేసి ఆయనకు పంపాడు. 1813లో డేవీ అతన్ని ప్రయోగశాలలో సహాయకుడిగా పెట్టుకున్నాడు. పదేళ్ళు తిరిగేసరికి శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఫారడే పేరు వస్తే, అడ్డుపడింది ఎవరు? అప్పటి అధ్యక్షుడు డేవీయే. ఫారడే ఎలాగూ ఎన్నికయ్యాడనుకోండి. డేవీ చెడ్డవాడని నేననను. ఆయన చేతిలోనూ ఆ రోజు సుద్దముక్క ఉందంతే.

సరిగ్గా వందేళ్ళకు, 1913లో, మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న రామానుజన్ రాసిన ఉత్తరం కేంబ్రిడ్జిలో గణితజ్ఞుడు హార్డీకి చేరింది. రామానుజన్‌కు ఉపపత్తులు, అంటే నిరూపణలు, రాసే పద్ధతి తెలియదు. అది నేర్పాలి. గట్టిగా పట్టుబట్టి నేర్పితే అతనిలోని మెరుపు ఆరిపోతుందేమోనని హార్డీ భయం. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చింది ఆ భయమే. తర్వాత గణితజ్ఞుల ప్రతిభకు వందకు మార్కులు వేస్తూ తనకు 25, తన సహచరుడు లిటిల్‌వుడ్‌కు 30, హిల్బర్ట్‌కు 80, రామానుజన్‌కు 100 వేశాడని చెబుతారు. తనకు తాను పాతిక! మా టీచర్ల గదిలో అలా వేసుకునేవాళ్ళు ఎవరూ లేరు, నాతో సహా.

మర్నాడు ఆ అమ్మాయి పద్ధతినే బోర్డు మీద రాశాను, పైన ఆమె పేరు పెట్టి. అక్కణ్ణుంచి నాకు చదువు మళ్ళీ మొదలైంది. రాత్రిళ్ళు కూర్చుని ఆమెకంటే ఒక అధ్యాయం ముందుండేవాణ్ణి. కొన్నాళ్ళకు ఇద్దరం ఒకే పేజీలో ఉన్నాం. ఆ తర్వాత ఆమె పేజీ తిప్పేస్తూంటే, "ఉండమ్మా, ఉండు" అనడం మొదలైంది. ఆ మాట ఎంత సంతోషంగా అన్నానో! ఆమెకు బహుమతులు వస్తే జనం నన్ను అభినందించేవారు. "నాదేముందండీ" అనేవాణ్ణి గానీ, ఆ అభినందన ఒక్కటీ వెనక్కి ఇవ్వలేదు.

ఇప్పుడు తనూ పాఠాలు చెబుతోంది. మొన్న తను రాసిన వ్యాసం పంపింది. మొదటి పేజీ అర్థమైంది. రెండో పేజీ సగం దాకా పెన్సిలు పట్టుకుని నెట్టుకొచ్చాను. ఇక వల్లకాక ఫోను చేశాను.

"ఏడో లైను నుంచి ఎనిమిదో లైనుకు ఎలా దూకావమ్మా?"

అటునుంచి నవ్వు. "అది తేలికే మాస్టారూ!"

కాగితం మళ్ళీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు సరిచేసుకుని, స్టెప్పులన్నీ చెప్పమన్నాను.