ప్రభుత్వంలో ఏఐ ఉద్యోగమా? ముందు ఈ రేషన్ కార్డు సంగతి వినండి

(స్క్రీన్ మీద: ఫోన్‌లో ‘మన మిత్ర’ మెనూ)

బీటెక్‌లో ఏఐ చదివామంటే ఇంట్లోవాళ్లకి గుర్తొచ్చేది అమెరికా, లేదంటే గచ్చిబౌలి. సర్కారులో కూడా ఏఐ పని ఉందంటే నవ్వుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ అనే వాట్సాప్ సేవ మొదలైనప్పుడు 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి, అవి వాటంతట అవి రాలేదు కదా! కరెంటు బిల్లు ఒకరిది, దర్శనం టికెట్టు ఇంకొకరిది, కుల ధ్రువపత్రం రెవెన్యూ వాళ్లది, ఒక్కో శాఖకీ ఒక్కో సాఫ్ట్‌వేర్, ఒక్కో అధికారి, ‘మా డేటా మీకెందుకివ్వాలి’ అని ఒక్కో పేచీ. వీళ్లందరినీ ఒక దారికి తేవడమే ఈ ఉద్యోగం. చాట్‌బాట్ రాయడం అందులో తేలిక పని.

ఇది నిన్నమొన్నటి పని కూడా కాదు. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ గారు 1998లోనే ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులకి కంప్యూటర్లు తెచ్చిన ‘కార్డ్’ ప్రాజెక్టు నడిపారు. అంతకుముందు దస్తావేజులు చేత్తో రిజిస్టర్లలోకి ఎక్కించేవాళ్లు, ఈసీ (ఆస్తి మీద ఏ లావాదేవీలు జరిగాయో చెప్పే పత్రం) కావాలంటే ఆ పుస్తకాలన్నీ తిరగెయ్యాలి. తర్వాత బిల్లులన్నీ ఒకేచోట కట్టే ఈ-సేవ కేంద్రాలు, హైదరాబాద్‌లో ప్రభుత్వాల ఐటీ ప్రాజెక్టులకి సలహాలిచ్చే ఎన్ఐఎస్‌జీ సంస్థ, ఢిల్లీలో ఐటీ శాఖ కార్యదర్శి పదవి, 2016లో ఆధార్ సంస్థ ఛైర్మన్. మొదలుపెట్టింది మాత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, ఫైలు ఎక్కడ ఆగుతోందో చూడటంతో.

(స్క్రీన్ మీద: రేషన్ షాపు ముందు క్యూ)

ఇప్పుడు అసలు సంగతి. తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ ఉంది, వేర్వేరు శాఖల రికార్డుల్లో కనిపించే మనిషి ఒక్కడేనా కాదా అని పేర్లూ చిరునామాలూ పోల్చి చెబుతుంది. మన పేర్ల సంగతి తెలుసుగా, ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఉత్త ఇనీషియల్, ఆధార్‌లో వేరే స్పెల్లింగు. రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు కారున్న ఇంకెవరి పేరుతోనో కలిసిపోయింది, ఆ ఇంటికి రేషన్ ఆగిపోయింది. కారు లేదని కాగితాలు పట్టుకుని తిరిగితే, కంప్యూటర్‌లో ఉందిగా అన్నారు. చివరికి 2022 ఏప్రిల్‌లో, తెలంగాణలో రద్దయిన 19 లక్షల దాకా రేషన్ కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో తనిఖీ చేయమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

నన్నడిగితే, ఈ సీట్లో కూర్చునేవాళ్లు మోడల్ కచ్చితత్వం ఎంత అని అడగడానికి ముందు ఇంకో ప్రశ్న అడగాలి: మెషిన్ ‘కాదు’ అన్నప్పుడు ఆ మనిషి ఏ కౌంటర్‌కి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, కింద సంతకం ఎవరిది? ఈ మూడింటికీ జవాబు లేని ప్రాజెక్టును ఆపెయ్యగలిగే ధైర్యం కూడా ఈ ఉద్యోగంలో భాగమే, మంత్రిగారు ప్రారంభోత్సవం తేదీ ఇచ్చేశాక ఆపమని చెప్పడం ఎంత టెన్షనో మీరే ఊహించుకోండి.

మరి లోపలికి ఎలా వెళ్లాలి? సివిల్స్ ఒక్కటే దారి కాదు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీలో సైంటిస్ట్ పోస్టులు పడుతుంటాయి. ఆంధ్రలో శాఖల డేటా చూసే ఆర్‌టీజీఎస్ (రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ), తెలంగాణ ఐటీ శాఖలో ఎమర్జింగ్ టెక్నాలజీస్ విభాగం ఉన్నాయి. ఎన్ఐఎస్‌జీ లాంటి సంస్థల ద్వారా కన్సల్టెంట్లుగా చేరేవాళ్లూ ఉంటారు, కాకపోతే అవి చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు, జీతం కూడా పెద్ద ఐటీ కంపెనీలంత ఆశించకండి.

నేర్చుకోవాల్సినవి? పైథాన్ మీకు ఎలాగూ వస్తుంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం చదవండి. మీ ఊళ్లో మీసేవకో సచివాలయానికో వెళ్లి ఒక పూట కూర్చుని, జనం ఏ కాగితం దగ్గర ఆగిపోతున్నారో చూడండి. ఆ తర్వాత టెండర్ నోటిఫికేషన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి మొత్తం చదవండి, నిద్రొస్తుంది, అయినా చదవండి, ఎందుకంటే ఏ కంపెనీ వస్తుందో, డేటా ఎవరి చేతిలో ఉంటుందో, తప్పు జరిగితే ఎవరు సరిచెయ్యాలో అన్నీ అక్కడే తేలిపోతాయి. టెండర్ల మీద వేరే వీడియో చేస్తాను, మీకు అర్థంకాని క్లాజులుంటే కామెంట్లో పెట్టండి.