మా వియ్యపురాలి కోసం పెట్టిన సంతకం

(2025 అక్టోబరులో, టెక్సస్‌లోని కేటీలో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

వెనెజువెలా వాళ్లను అమెరికాలోకి తాత్కాలికంగా రానిచ్చిన పెరోల్ గురించి మాట్లాడమని అడిగితే, నేను లాయర్ని కాదు కదా అన్నాను. "లాయర్ల మాటలు చాలా విన్నామండీ, మీరు స్పాన్సర్‌గా సంతకం పెట్టినవాళ్లు, ఆ సంగతి చెప్పండి" అన్నారు. సరే, అదే చెబుతాను. నేను అకౌంట్స్ పని చేస్తాను. కాగితాలంటే నాకు భయం లేదు. కానీ ఈ మూడేళ్లలో ఒక కాగితం నన్ను నిద్రపోనివ్వని రోజులు చాలా ఉన్నాయి.

మీలో చాలామందికి తెలుసు, మా అల్లుడు వెనెజువెలా అబ్బాయి. వాళ్లది మరకైబో. పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న చమురు ఊరు. మన కేటీలో ఇంతమంది వెనెజువెలా వాళ్లు ఎందుకున్నారో తెలియాలంటే ఆ ఊరి గురించి కొంచెం చెప్పుకోవాలి. 2002 డిసెంబరులో అక్కడ ప్రభుత్వ చమురు సంస్థలో పెద్ద సమ్మె జరిగింది. అది ముగిశాక ఛావెజ్ ప్రభుత్వం దాదాపు 18 వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. ఇంజనీర్లు, జియాలజిస్టులు, ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లు. వాళ్లలో చాలామంది చమురు పని ఉన్న చోటు వెతుక్కుంటూ హ్యూస్టన్ వచ్చారు, కేటీలో ఇళ్లు కొనుక్కున్నారు. కేటీని సరదాగా "కేటీజువెలా" అనడం మీరు వినే ఉంటారు. మా అల్లుడి నాన్నగారి ఉద్యోగమూ అప్పుడే పోయింది. ఆయన మాత్రం ఊరు వదల్లేదు, అక్కడే కన్నుమూశారు. కొడుకు చదువుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన తల్లి ఒక్కతే మిగిలింది.

2019 మార్చిలో ఆ దేశమంతా కరెంటు పోయింది. మరకైబో లాంటి ఎండ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేకపోతే ఫ్రిజ్‌లో తిండి పాడవడం ఒక్కటే కాదు, మోటార్లు ఆడక నీళ్లు కూడా రావు. అప్పుడు మా అల్లుడు రోజూ ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. లైను కలవగానే వాడు అనే మొదటి మాట "బెందిసియోన్, మమా". అంటే దీవించమ్మా అని. అవతలినుంచి ఆవిడ "దేవుడు నిన్ను దీవించుగాక" అనేదాకా వేరే మాట మొదలవదు. వెనెజువెలాలో పిల్లలు పెద్దవాళ్లను పలకరించే పద్ధతే అది. మన ఇళ్లలో ఊరినుంచి రాగానే పెద్దవాళ్లకు దణ్ణం పెట్టినట్టు. నాకు స్పానిష్ రాదు కానీ, ఆ రెండు మాటలూ వినగానే ఆవిడ బతికే ఉందని మాకు తెలిసేది.

ఆవిణ్ణి తీసుకురావడానికి దారి ఏదీ? ఇక్కడే మన చట్టాల సంగతి వస్తుంది. మా అల్లుడికి అప్పటికి గ్రీన్ కార్డే ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు తల్లిదండ్రుల కోసం పిటిషన్ వేయలేరు, సిటిజన్ అయ్యుండాలి. మా అమ్మాయి సిటిజనే, కానీ అత్తగారి కోసం పిటిషన్ వేసే వీలు ఈ చట్టంలో లేదు. ఇక నేనెవరిని? అమ్మాయి అత్తగారు నాకు ఏమవుతుందంటే మన భాషలో వియ్యపురాలు అని ఒక్క మాటలో చెబుతాం. ఇంగ్లీషులో దానికి పేరే లేదు. స్పానిష్‌లో ఉంది, "కొన్సుయెగ్ర" అంటారు. ఆవిడ నన్ను ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. రెండు భాషలకీ తెలిసిన ఆ చుట్టరికం అమెరికా చట్టానికి తెలియదు.

ఆ పరిస్థితిలో 2022 అక్టోబరు 12న వెనెజువెలా వాళ్లకు ఒక కొత్త పద్ధతి ప్రకటించారు. పెరోల్ అంటే మన పేపర్లలో జైలునుంచి కొద్దిరోజులు బయటికి పంపడం. తెనాలిలో మా అమ్మకు ఫోన్‌లో చెబితే "అయ్యో, ఆవిడ ఏం తప్పు చేసిందే?" అని కంగారుపడింది. ఇక్కడ అర్థం వేరు. వీసా లేని మనిషిని, అత్యవసరమైన మానవతా కారణం వల్లగానీ దేశానికి గట్టి మేలు ఉంటేగానీ, తాత్కాలికంగా లోపలికి రానివ్వడం. 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోనే ఆ అధికారం ఉంది. 1956లో హంగరీ వాళ్లు, 1975లో వియత్నాం వాళ్లు, మొన్నమొన్న ఆఫ్ఘన్లు, ఉక్రెయిన్ వాళ్లు వచ్చింది ఈ దారినే.

అప్పట్లో దీనిలో స్పాన్సర్ చేయడానికి, అంటే ఆ మనిషి బాధ్యత తీసుకోవడానికి, చుట్టరికం అక్కర్లేదు. సిటిజనే కానక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా, హెచ్-1బీ మీద ఉన్నా, స్వదేశం బాగాలేనివాళ్లకు ఇచ్చే తాత్కాలిక రక్షణ, టీపీఎస్, ఉన్నా చాలు. ఆదాయం చూపించాలి, ఆ మనిషికి నీడ, తిండి, ఇక్కడ కుదురుకోవడానికి సాయం ఇస్తామని మాట ఇవ్వాలి. వియ్యపురాలు పట్టే తలుపు ఒక్కటంటే ఒక్కటి తెరిచారన్నమాట. అప్పుడు మా అల్లుడికి ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. అందుకని సంతకం నేను పెట్టాను.

ఫారం పేరు ఐ-134, 2023 నుంచి ఐ-134ఏ అన్నారు. ఆన్‌లైన్‌లోనే, అప్పట్లో ఫీజు లేదు. వచ్చే ఒక్కో మనిషికీ ఒక్కో ఫారం. పే స్టబ్‌లు, టాక్స్ రిటర్న్, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను. ఎలా ఆదుకుంటారో రాయమన్న చోట నేను రాసింది ఇప్పటికీ గుర్తుంది: మేడమీద కిటికీ ఉన్న గది, పక్కనే బాత్రూం, డాక్టరు ఖర్చు మాది, ఇంగ్లీషు క్లాసుకు దింపడం మాది. బంధుత్వం దగ్గర "నా కూతురి భర్త తల్లి" అని రాశాను. మన ఒక్క మాటను వాళ్లకోసం నాలుగు మాటలు చేయాల్సి వచ్చింది.

మనవైపు నుంచి ఇంతే. అసలు కష్టం అటువైపు. పాస్‌పోర్టు ఉండాలి. అప్పట్లో వెనెజువెలాలో పాస్‌పోర్టుకు 200 డాలర్ల పైనే. అక్కడ పెన్షన్ అంటే కనీస వేతనం, అప్పట్లో అది నెలకు 130 బొలివార్లు. 2022 మార్చిలో అలా నిర్ణయించినప్పుడు అది 30 డాలర్లతో సమానం, 2023 చివరికొచ్చేసరికి నాలుగు డాలర్లు కూడా కాదు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషి పెన్షన్ అది. అనుమతి లేకుండా పనామా, మెక్సికో సరిహద్దులు దాటిన వాళ్లకు, వేరే దేశంలో శాశ్వత నివాసం ఉన్నవాళ్లకు ఈ పెరోల్ వచ్చేది కాదు. అందుకని కొలంబియాలో ఉన్న చుట్టాల దగ్గరికి వెళ్లి స్థిరపడమని ఎవరెన్ని చెప్పినా ఆవిడ కదల్లేదు.

2023 జనవరిలో క్యూబా, హైతీ, నికరాగువా వాళ్లను కూడా కలిపి, నాలుగు దేశాలకూ కలిపి నెలకు 30 వేలమంది అన్నారు. దరఖాస్తులు లక్షల్లో పేరుకుపోయాయి. మే నెలనుంచి సగం వరస ప్రకారం, సగం లాటరీ పద్ధతిలో చూస్తామన్నారు. లాటరీ అంటే ఏమిటో ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. హెచ్-1బీ రిజల్ట్ రోజున ఇళ్లలో ఉండే టెన్షన్ మనకు తెలుసు. అది ఉద్యోగం కోసం. ఇక్కడ ఎదురుచూసేది అమ్మ కోసం.

జులైలో ప్రయాణానికి అనుమతి వచ్చింది. 90 రోజుల్లో రావాలి. 2019నుంచి అప్పటిదాకా రెండు దేశాల మధ్య నేరుగా విమానాలు లేవు. రాత్రంతా బస్సులో కారకాస్, అక్కడినుంచి పనామా, పనామానుంచి హ్యూస్టన్. ఖర్చంతా మనదే. ఆగస్టులో ఒక శనివారం ఎయిర్‌పోర్టులో రెండు గంటలు నిలబడ్డాం. ఆవిడ ఒక చిన్న సూట్‌కేసు, గుడ్డసంచీతో బయటికి వచ్చింది. మా అల్లుడు "బెందిసియోన్, మమా" అన్నాడు, అంతే, గొంతు పూడుకుపోయింది. మా అమ్మాయి వంగి కాళ్లకు దణ్ణం పెడితే ఆవిడ బెదిరిపోయి, కిందపడిందేమోనని పట్టుకుని లేపింది. తర్వాత నేను సైగలతో చెప్పాను, అది మా బెందిసియోన్ అని.

పాస్‌పోర్టులో పడిన ముద్ర రెండేళ్లకు. వర్క్ పర్మిట్ వచ్చాక ఆవిడ పిల్లల డేకేర్‌లో వంటగది పనికి చేరింది. పొద్దున్నే మా ఇంట్లో మొక్కజొన్న పిండి తడిపి, మనం జొన్నరొట్టె తట్టినట్టే రెండు అరచేతుల మధ్య అరేపా తట్టి, పెనం మీద వేసి, ఆ తర్వాత పనికి వెళ్లేది. మొదటి జీతంలోంచి వంద డాలర్లు కవర్లో పెట్టి నాకిచ్చింది. తీసుకోలేదు. అది తప్పని తర్వాత తెలిసింది, ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉంది. రెండో నెల తీసుకున్నాను.

మొత్తం ఈ పద్ధతిలో నాలుగు దేశాలనుంచి వచ్చినవాళ్లు 5 లక్షల 30 వేలమంది పైనే. అందులో వెనెజువెలా వాళ్లు దాదాపు 1 లక్షా 17 వేలు. వీళ్లు కొలంబియా, పనామా మధ్య ఉన్న దారియెన్ అడవుల్లో నడిచి రాలేదు. 2023 ఒక్క ఏడాదిలో ఆ అడవిని దాటినవాళ్లు 5 లక్షలపైన, ఎక్కువమంది వెనెజువెలా వాళ్లే. అదే దేశంనుంచి ఒక తల్లి విమానంలో, పేరు చెప్పి, వేలిముద్రలిచ్చి, ముందే అనుమతి తీసుకుని వచ్చింది. ప్రభుత్వం ఇలా రండి అంటే అలాగే వచ్చారు వీళ్లు. నాకు కడుపు మండేది ఇక్కడే.

2024లో స్పాన్సర్ల దరఖాస్తుల్లో మోసాలు బయటపడి కొన్ని వారాలు ఆపారు. డబ్బులు తీసుకుని సంతకాలు అమ్ముకున్నవాళ్లు నిజంగానే ఉన్నారు. ఫీజే లేని ఫారానికి వేల డాలర్లు వసూలు చేశారు. వాళ్ల మీద నాకు ఏ జాలీ లేదు. ఆగస్టు చివర్లో స్పాన్సర్ల వేలిముద్రలు కూడా తీసుకుంటామని మళ్లీ మొదలుపెట్టారు. అక్టోబరులో ఈ పెరోల్ పొడిగించేది లేదన్నారు. 2025 జనవరి 20న ఈ పద్ధతిని ముగించమని కొత్త అధ్యక్షుడి ఆర్డరు. మార్చి 25న నోటీసు: ఇచ్చిన పెరోళ్లన్నీ ఏప్రిల్ 24తో రద్దు. పది రోజుల ముందు, ఏప్రిల్ 14న, బోస్టన్‌లో జడ్జి ఇందిరా తల్వానీ ఆపారు. ఒక్కొక్కరి సంగతి విడిగా చూసి ఇచ్చిన దాన్ని అందరికీ ఒక్క కలంపోటుతో తీసేయడం కుదరదన్నారు. మే 30న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. కారణం ఒక్క వాక్యం కూడా రాయలేదు. జస్టిస్ జాక్సన్, సోతొమయోర్ మాత్రం ఒప్పుకోలేదు. జూన్ 12నుంచి పెరోల్ రద్దయిందని ఈమెయిళ్లు వచ్చాయి. సెప్టెంబరులో అప్పీలు కోర్టు కూడా ప్రభుత్వం వైపే చెప్పింది.

ఆ ఈమెయిల్ నేనే చదివి చెప్పాను ఆవిడకు. వర్క్ పర్మిట్ కూడా పోయిందని తెలిసి, మర్నాడు డేకేర్‌కు వెళ్లి ఏప్రన్ ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చి వచ్చింది. ఆ సాయంత్రం నన్ను ఒకటే అడిగింది, అల్లుడు తెలుగులో చెప్పాడు: "కొన్సుయెగ్రా, నావల్ల నీకేమైనా ఇబ్బందా?"

స్పాన్సర్లుగా మీలో కొందరి భయం కూడా అదే, నాకు ఫోన్లు చేశారు కాబట్టి చెబుతున్నాను. నిజాయితీగా సంతకం పెట్టినవాళ్లు పెరోల్ రద్దయినంత మాత్రాన తప్పు చేసినవాళ్లు కారు. గ్రీన్ కార్డుకు ఇచ్చే ఐ-864 లాంటి, కోర్టుకెక్కి వసూలు చేసే ఒప్పందం కాదిది. కానీ అంతటితో మన పని అయిపోయిందనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆవిడ తన పెన్షన్, ఇల్లు, ఇరుగుపొరుగు అన్నీ వదిలి వచ్చింది నా మాట మీద. ప్రభుత్వం తన మాట వెనక్కి తీసుకోవచ్చు. నాది నేనెలా తీసుకుంటాను?

ఇప్పుడు ముఖ్యమైన సంగతి, దయచేసి రాసుకోండి. పెరోల్ ముగిసినా, పెరోల్ మీద వచ్చారన్న వాస్తవం ముగియదు. గ్రీన్ కార్డుకు దేశంలోనే ఉండి అప్లై చేయాలంటే "తనిఖీ అయ్యి, అడ్మిట్ గానీ పెరోల్ గానీ అయ్యుండాలి" అని చట్టం. అందుకే ఆ ముద్ర, దేశంలోకి వచ్చినట్టు రికార్డు అయిన ఆ ఐ-94 కాపీ బంగారం కంటే జాగ్రత్తగా దాచాలి. సిటిజన్ల భర్త, భార్య, తల్లిదండ్రులు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు అయితే, పెరోల్ గడువు దాటినా ఆ దారి మూసుకుపోదు. మా అల్లుడు ఫిబ్రవరిలో సిటిజన్‌గా ప్రమాణం చేశాడు, మార్చిలో అమ్మకోసం ఐ-130 అనే బంధుత్వ పిటిషన్, ఐ-485 అనే గ్రీన్ కార్డు దరఖాస్తు కలిపి వేశాం. అది పెండింగ్‌లో ఉంది. దాని ఆధారంగా కొత్త వర్క్ పర్మిట్‌కు అప్లై చేశాం. పెండింగ్ ఉంటే ఎవరూ ఏమీ చేయరని కాదు, ఆ ధీమా వద్దు. బయటికి వెళ్లేటప్పుడు రసీదు కాపీ ఆవిడ పర్సులో ఉంటుంది, లాయరు నంబరు మా ఫ్రిజ్ మీద ఉంది.

సిటిజన్ అయిన కొడుకో కూతురో లేనివాళ్ల సంగతి కష్టంగానే ఉంది. క్యూబా వాళ్లకు 1966నుంచి ప్రత్యేక చట్టం ఉంది, ఏడాది ఉంటే గ్రీన్ కార్డుకు అడగొచ్చు. వెనెజువెలా వాళ్లకు అలాంటిది లేదు. ప్రాణభయం నిజంగా ఉన్నవాళ్లకు అసైలం, అంటే ఆశ్రయం, ఉంది, మామూలుగా వచ్చిన ఏడాదిలోపు వేయాలి. గడువు దాటినా పెరోల్‌లో ఉన్నకాలాన్ని కారణంగా చూపొచ్చు, కానీ ఆలస్యం చేయకూడదు, ఈ వారమే లాయర్ని కలవాలి.

లాయరు అన్నాను, నోటరీ అనలేదు. లాటిన్ అమెరికాలో "నొతారియో" అంటే పెద్ద చదువు చదివిన లాయరు. మన ఇండియాలో కూడా నోటరీ అంటే సాధారణంగా అడ్వకేటే. ఇక్కడ నోటరీ అంటే సంతకానికి సాక్షి, అంతే. ఆ పేరు బోర్డు మీద పెట్టుకుని ఇమిగ్రేషన్ ఫారాలు నింపుతామనేవాళ్లు ఉన్నారు. మాకు తెలిసిన ఒకావిడ చేత అలాంటివాడు పన్నెండు వందల డాలర్లు కట్టించుకుని, ఆవిడకు ఒక్క ముక్క చదివి వినిపించకుండా అసైలం ఫారం వేసేశాడు. అందులో ఏం రాశాడో తెలుసుకోవడానికి ఆవిడ ఇప్పుడు ఇంకొకరికి డబ్బు కడుతోంది.

ఈ ఊళ్లో మన పక్కింటివాళ్లు, మన పిల్లల క్లాసులో ఉన్న పిల్లలు, మన ఆఫీసులో పక్క సీటువాళ్లు వెనెజువెలా వాళ్లు. వాళ్లకోసం సంతకం పెట్టిన తెలుగువాళ్లు మనలో కనీసం ముగ్గురున్నారని నాకు తెలుసు. మీరు స్పాన్సర్ చేసినవాళ్ల ఐ-94 ఇంకా డౌన్‌లోడ్ చేసి పెట్టకపోతే ఈరోజే చేయండి. లాప్‌టాప్ తెచ్చాను, వెనక బల్ల దగ్గర కూర్చుంటాను. మా వియ్యపురాలు కూడా అక్కడే ఉంటుంది. స్పానిష్‌లో అడగాల్సింది ఉంటే ఆవిణ్ణి అడగండి. నలభై అరేపాలు చేసి తెచ్చింది, వేడి ఆరకముందే రండి.