చర్చా వేదిక: కూడలిలోని శిల్పం ఎవరి మాటపై నిలవాలి?

(ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత ఒక కూడలిలోని ఉక్కు శిల్పాన్ని తొలగించాలన్న నిర్ణయంపై జరిగిన చర్చ ఇది. ముగ్గురికీ సమాన సమయం ఇస్తామని ఆరంభంలో ప్రకటించారు.)

సమన్వయకర్త: ప్రజల సొమ్ముతో నిలిపిన శిల్పం ఆ ప్రజలకే నచ్చనప్పుడు దాన్ని ఉంచాలనే హక్కు ఎవరికుంది? పౌరసంఘ ప్రతినిధి గారూ, ముందు మీరు చెప్పండి.

పౌరసంఘ ప్రతినిధి: మా అభ్యంతరం దాని అందచందాల మీద కాదండీ. రోజూ ఆ దారిన నడిచే వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు దాని చుట్టూ తిరిగి వెళ్లవలసి వస్తోంది. నెలకొల్పే ముందు మమ్మల్ని ఒక్క మాటైనా...

శిల్పి: అడిగాక మాత్రం ఆ మాటకు విలువ ఇస్తారా? న్యూయార్క్‌లో ఫెడరల్ ప్లాజా అనే ప్రభుత్వ కార్యాలయాల ప్రాంగణంలో 1981లో రిచర్డ్ సెర్రా అనే శిల్పి 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు గల ఉక్కు గోడను ‘టిల్టెడ్ ఆర్క్’ పేరుతో నిలిపారు. 1985లో బహిరంగ విచారణ జరిపినప్పుడు మాట్లాడిన 180 మందిలో 122 మంది ఉంచాలన్నారు, 58 మంది తీసేయాలన్నారు. అయినా 1989లో దాన్ని ముక్కలు చేసి తరలించారు.

సమన్వయకర్త: ఆ శిల్పాన్ని చేయించడానికి ఖర్చెంత అయింది?

శిల్పి: 1,75,000 డాలర్లు. అయితే ఇక్కడ విషయం అది కాదు...

సమన్వయకర్త: ప్రభుత్వ సొమ్మే కదా! నేను అడుగుతున్నదీ అదే.

అధ్యాపకురాలు: ఆ 122 మందిలో కళాకారులు, మ్యూజియంల వారు చాలామంది ఉన్నారన్నది కూడా చెప్పాలి. విచారణకు వచ్చి మాట్లాడగలిగినవారు వేరు, ఆ ప్రాంగణాన్ని రోజూ దాటేవారు వేరు. చేతులెత్తి లెక్కపెట్టినంత మాత్రాన...

శిల్పి: (గొంతు పెంచి) అంటే లెక్క మాకు అనుకూలంగా ఉంటే చెల్లదు, వ్యతిరేకంగా ఉంటే చెల్లుతుందా? ఆ శిల్పం ఆ చోటు కోసమే పుట్టింది కనుక మరోచోట పెడితే అది ఆ శిల్పమే కాదని సెర్రా వాదించారు. నేనూ అదే అంటున్నాను.

(ఇక్కడ ముగ్గురి మాటలు కలిసిపోయాయి.)

సమన్వయకర్త: మళ్లీ సొమ్ము దగ్గరికే వద్దాం.

అధ్యాపకురాలు: సొమ్మే మూలమైతే వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో పోరాడిన అమెరికన్ సైనికుల స్మారకంపై వివాదం రాకూడదు, ఎందుకంటే దాన్ని విరాళాలతో కట్టారు. 1,421 నమూనాల నుంచి మాయా లిన్ అనే 21 ఏళ్ల విద్యార్థిని నమూనాను ఎంపిక చేయగా, ఆ నల్లరాతి గోడ అవమానకరమని కొందరు మాజీ సైనికులే ఆగ్రహించారు. 1982లో అది పూర్తయ్యాక, చనిపోయినవారి పేర్లను చేతితో తడుముతూ అక్కడ నిలబడేవారి వరుస ఆగలేదు.

శిల్పి: చూశారా! ముందు తిట్టినవారికే తర్వాత అర్థమవుతుంది. నా వాదన అదే.

అధ్యాపకురాలు: కాదండీ, ఆ ఉదాహరణ మీ వాదనకు పూర్తిగా సరిపోదు. అభ్యంతరాలను శాంతింపజేయడానికి 1984లో పక్కనే ముగ్గురు సైనికుల విగ్రహాలను కూడా చేర్చారు. సంభాషణ వల్ల ఒక...

శిల్పి: అది రాజీ!

సమన్వయకర్త: రాజీకైనా డబ్బు కావాలి కదా. (నవ్వు)

పౌరసంఘ ప్రతినిధి: దుఃఖంతో, శ్రమతో అలసినవారికి నాట్యం విశ్రాంతినిస్తుందని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఉంది. మా కూడలిలో కూర్చోవడానికి చోటు పోయిందని మేము మొరపెట్టుకుంటుంటే...

శిల్పి: నాట్యశాస్త్రంతో ఉక్కును కొలుస్తారా? కళ పని సేదతీర్చడమొక్కటే అయితే కలతపెట్టే కళ ఎక్కడికి పోవాలి? కొన్ని రాళ్లు కాలికి తగలాలి, అప్పుడే మనిషి నేలను చూసి నడుస్తాడు!

సమన్వయకర్త: బలమైన మాట. సమయం అయిపోయింది కాబట్టి శిల్పి గారి మాటతోనే ముగిద్దాం.

పౌరసంఘ ప్రతినిధి: ఒక్క నిమిషమండీ, ఆ దారిలో తట్టుకుని పడినవారు...

(ఆమె మైకు అప్పటికే ఆపేశారు.)