పేలికల క్విల్ట్: ఆ కాగితం ఎప్పుడు చింపాలి?

నమస్కారం అండి. ఈరోజు పేలికలతో హాఫ్ స్క్వేర్ ట్రయాంగిల్స్ (హెచ్‌ఎస్‌టీ), అంటే రెండు త్రికోణాలు ఐమూలగా కలిసిన చదరాలు కుట్టి, మన బొంతలాంటి క్విల్ట్ చేసుకుందాం. పేలికల్ని కాగితం మీద పరిచి కుడతాం, ఆ కాగితం తర్వాత చింపేస్తాం. కుట్టడం ఎవరికైనా ఒక్క పూటలో వచ్చేస్తుంది. నేను ఈ వీడియో చేస్తున్నది మాత్రం ఒకే ఒక్క మాట కోసం. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేదే: "ఆ కాగితం ఎందుకండీ దండగ, చదరం కుట్టగానే చింపేస్తే పోలా?" చింపొద్దు. ఎందుకు వద్దో చూపిస్తాను.

[టూ బై టూ బ్లౌజు ముక్క చేతిలో, దగ్గరగా]

పడుగు వెంట లాగుతున్నాను, కదల్లేదు. పేక వెంట లాగుతున్నాను, కొద్దిగా వచ్చింది. ఇప్పుడు ఐమూలగా పట్టుకుంటున్నాను. చూశారా ఎంత సాగిందో? ఇదిగో, వదిలేశాను. అయినా అంచు పూర్తిగా వెనక్కి రాలేదు, చిన్న అల నిలిచిపోయింది. ఆ అల గుర్తుపెట్టుకోండి.

ఇది మనకు తెలియని సంగతేం కాదు. క్రాస్ కట్ బ్లౌజు కుట్టించుకున్నవాళ్లందరికీ తెలిసిందే. ముందు భాగం ఐమూలగా కత్తిరిస్తారు కాబట్టే అది ఒంటికి అచ్చు పోసినట్టు అమరుతుంది. బ్లౌజులో ఆ సాగడం వరం, లోపల మనిషి ఉంటుంది కాబట్టి. క్విల్టులో ఎవరుంటారు? సాగిన గుడ్డ పోవడానికి చోటు లేక పైకి లేస్తుంది.

మామూలు హెచ్‌ఎస్‌టీలో మన భయమంతా ఐమూల అంచు గురించే. చదరం బయటి అంచులు నాలుగూ నిలువు, అడ్డం పోగులే, వాటితో గొడవ లేదు. పేలికలతో చేసినప్పుడు ఇదంతా తిరగబడుతుంది. ఇక్కడే అందరూ పొరబడతారు. పేలికల్ని మనం పోగు వెంట, తిన్నగా కత్తిరిస్తాం. వాటిని చదరం మీద మూల నుంచి మూలకి పరిచి కుడతాం. అంటే ఐమూల గీత దగ్గర ఉన్నది గట్టి పోగు. మరి క్రాస్ ఎక్కడికి పోయింది? చదరం నాలుగు అంచులకీ పోయింది! నాలుగు వైపులా క్రాస్ కట్ బ్లౌజే.

నా మొదటి క్విల్టుకి నలభై చదరాలు కుట్టి, అన్నిటికీ కాగితం చింపేసి, దొంతర పెట్టి వారం తర్వాత తీశాను. ఇస్త్రీ పెట్టి అటూ ఇటూ రుద్దేసరికి ఏ రెండూ ఒక్క కొలతలో లేవు. ఏడంగుళాలది ఒకవైపు ఏడుంపావు అయింది. జత చేస్తే అంచులు వేగిన అప్పడంలా లేచాయి. ఆ రోజు చాలా బాధపడ్డాను. అందులో మా అమ్మ చీర ముక్కలున్నాయి, మళ్లీ దొరికేవి కావు.

క్రాస్ కట్ బ్లౌజు సాగిపోకుండా దేనితో ఆగుతుంది? కింద తిన్నగా కత్తిరించిన నడుం పట్టీతో. మన కాగితం అదే. అన్ని వరసలూ కలిసేదాకా అది నడుం పట్టీ.

కాగితం మీద పేలికలు కుట్టడం అమెరికా పల్లెల్లో పాత పద్ధతి. 1930ల ఆర్థిక మాంద్యంలో దాణా సంచుల గుడ్డని కూడా ముక్కలు చేసి, పాత న్యూస్‌పేపర్ల మీద కుట్టేవారు. సగంలో ఆగిపోయిన కొన్నిటి వెనక ఆ కాగితం ఇంకా ఉంది, దాని మీది తేదీని బట్టే క్విల్టు వయసు అంచనా వేస్తారు. అలబామాలోని జీస్ బెండ్ అనే ఊళ్లో నల్లజాతి స్త్రీలు అరిగిన పనిబట్టలతో కుట్టిన క్విల్టుల్ని 2006లో అమెరికా తపాలా శాఖ పది స్టాంపుల మీద ముద్రించింది. మన బొంతకి కాగితం అక్కర్లేకపోయింది, ఎందుకంటే మా అమ్మమ్మలాంటివాళ్లు ముక్కల్ని నేరుగా పాత చీర మడతల మీదే పెట్టి కుట్టేవారు. అక్కడ చీరే పట్టీ.

సరే, పని మొదలుపెడదాం. పల్చటి తెల్లకాగితం ఏడంగుళాల చదరంగా కత్తిరించి, ఐమూలగా గీత గీయండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా లేత రంగులకి అంటుకుంటుంది. పేలికలు అంగుళం నుంచి రెండున్నర దాకా ఎంతైనా సరే, కాటన్ అయితే చాలు. కొత్త గుడ్డ కొని పేలికలు చేయడం నాకు నచ్చదు. టైలర్ దగ్గర సంచి నిండా దొరుకుతాయి.

మధ్య పేలిక వెడల్పుది, రెండున్నర అంగుళాలది వేయండి. తర్వాత గీత మీద కోస్తే అది రెండుగా చీలుతుంది, సన్నదైతే ఏమీ మిగలదు. దాని మీద రెండోది బోర్లించి పావంగుళంలో కుట్టి, తిప్పి, ఇస్త్రీ అద్దండి. రుద్దొద్దు, అద్దండి. కుట్టు చిన్నగా, ఒకటిన్నర మిల్లీమీటర్లు పెడితే తర్వాత కాగితం తేలిగ్గా చిరుగుతుంది. సంచిలో చెయ్యి పెట్టి ఏది వస్తే అది వేయండి. రంగులు ఎంచుతూ కూర్చుంటే ఆ అందం పోతుంది. మూలలదాకా నిండాక, కాగితం కొలతకి అంచులు కత్తిరించండి.

[కాగితం వైపు తిప్పి చూపిస్తూ]

ఇప్పుడు ఏడంగుళాల ప్లెయిన్ చదరాన్ని దీనికి ఎదురుగా పెట్టి, కాగితం మీది గీతకి ఇటు పావంగుళం, అటు పావంగుళం కుట్టి, గీత మీద కోయండి. రెండు వచ్చాయి. ఇస్త్రీ మడత ప్లెయిన్ వైపుకి. ఆరున్నరకి సరిచేయండి. గీత పేలికలకి అడ్డంగా కూడా వేయొచ్చు, కానీ ప్రతి కుట్టూ కోతలో పడి విడిపోతుంది, నేను వేయను. నాలుగింటిని పేలికల మూలలు మధ్యలో కలిసేలా పెడితే డైమండ్ లోపల డైమండ్ వస్తుంది, చుక్కల ముగ్గులాగే.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్తాను. నలభై జతలకి ఎనభై వస్తాయి. ఎనిమిది అడ్డం, పది నిలువు పెడితే 48 బై 60 అంగుళాలు. వరసలన్నీ కలిపి, చుట్టూ తిన్నగా కోసిన బార్డర్ కుట్టండి. బార్డర్ కొలత క్విల్టు మధ్యలో తీసుకోండి, అంచున కాదు. ఇక నడుం పట్టీ వచ్చేసింది కాబట్టి కాగితం చింపేయొచ్చు. పిల్లలకిస్తే సంతోషంగా చేస్తారు. పల్చటి దూది పొర, వెనక పాత చీర, మూడు పొరలూ కలిపి మధ్య నుంచి బయటికి క్విల్టింగ్ కుట్లు. అంచు పట్టీ కూడా తిన్నగా కోసినదే చాలు. మూలలు గుండ్రంగా తిప్పాలనుకుంటే మాత్రం అక్కడ క్రాస్ పట్టీ కావాలి, బ్లౌజు మెడకి పైపింగ్ వేసినట్టే.