ముందు వినండి, తర్వాత చూడండి

శ్రోతలకు నమస్కారం.

2015 ఆగస్టులో బ్రిటన్ గాయని ఎఫ్‌కెఏ ట్విగ్స్ నుంచి ఐదు పాటల ఈపీ ఒకటి ఉన్నట్టుండి వచ్చింది. సింగిల్‌కి ఎక్కువ, ఆల్బమ్‌కి తక్కువ అయిన చిన్న విడుదలని ఈపీ అంటారు. దీని పేరుని అక్షరాలూ అంకెలూ కలిపి రాశారు గానీ, పలకడం 'మెలిస్సా' అనే. తనలోని స్త్రీ శక్తికి ఆమె పెట్టుకున్న పేరది. మొత్తం వినడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టదు. విమర్శకులు దాదాపు అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. అయితే వాళ్లు చూసి మెచ్చుకున్నది ఎక్కువ, విని మెచ్చుకున్నది తక్కువ అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అందుకు కారణం లేకపోలేదు. ట్విగ్స్ మొదట డాన్సర్. వేరే గాయకుల వీడియోల్లో వెనక వరసలో ఆడిన మనిషి. ఈ ఈపీతో పాటు పదహారు నిమిషాల చిత్రం కూడా విడుదల చేశారు, దర్శకత్వం ఆమెదే. ఐదు పాటల్లో నాలుగు అందులో ఉన్నాయి. ఒకచోట ఆమె ఒక మగవాడి చేతిలో గాలి నింపిన బొమ్మ అయిపోతుంది. తర్వాత నిండు కడుపుతో డాన్సు చేస్తుంది. చివరికి ఆమె ఒంట్లోంచి రంగురంగుల బట్టలు బయటికొస్తాయి, చుట్టూ ఫ్యాషన్ మోడళ్ల భంగిమలతో ఆడే వోగ్ డాన్సర్లు చేరతారు. ఆటబొమ్మగా ఉన్న మనిషి సృష్టికర్త అవుతుందన్నమాట. ఇంత బలమైన దృశ్యాలు కళ్లముందు ఉంటే ఎవరి కలమైనా అటే పోతుంది.

కానీ ఒకసారి కళ్లు మూసుకుని ఈపీలో మొదటి పాట 'ఫిగర్ 8' వినండి. బాస్, అంటే అడుగున మోగే మంద్రస్వరం, ఛాతీ మీద అదుముతున్నట్టు ఉంటుంది. డ్రమ్స్ నడుస్తూ నడుస్తూ తడబడతాయి, మళ్లీ నిలదొక్కుకుంటాయి. ఆమె గొంతుని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తాళంలా వాడారు. మాట ఎక్కడ ఆగిందో, శబ్దం ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. ఈ నిర్మాణంలో ఆమెకి తోడు బూట్స్ అనే నిర్మాత. 2013లో అమెరికన్ గాయని బియాన్సే ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్న వ్యక్తి. తర్వాత 'ఐయామ్ యువర్ డాల్' వస్తుంది. అందులో మాటలు లొంగిపోతున్నాయి, గొంతులో మాత్రం కసి. ఆ బొమ్మ కథంతా ఈ రెండింటి మధ్య గొడవలోనే ఉంది. తెర మీద చూడకపోయినా అర్థమవుతుంది.

చూసి పేరు పెట్టడం ఆమె విషయంలో కొత్త కాదు. 2014లో గార్డియన్ పత్రికతో మాట్లాడుతూ ఆమె ఈ మాటే చెప్పారు. తన రూపం ఎవరికీ తెలియనప్పుడు, ఈ సంగీతం ఏ కోవకీ చెందదు అని విన్నవాళ్లు అన్నారట. ఫొటో బయటికి రాగానే ఆర్ అండ్ బి గాయని అనేశారట. ఆర్ అండ్ బి అంటే అమెరికా నల్లజాతివాళ్ల నుంచి వచ్చిన సంగీత శైలి. తాను మిశ్రమ జాతి మనిషిని కావడమే కారణమని ఆమె అన్నారు. ఇవే పాటలు బంగారు జుట్టున్న తెల్లమ్మాయి పాడి, తాను చర్చికి వెళ్తానని చెబితే, వీటిలో బృందగానం లక్షణాలు ఉన్నాయని రాసేవారని కూడా అన్నారు. ఈ మాటలు చదివాక ఏ సమీక్ష చదివినా, రాసినవాళ్లు ముందు విన్నారా, చూశారా అని నాకు అనుమానం వస్తూనే ఉంటుంది.

ఈపీని రెండు ఆల్బమ్‌ల మధ్య కాలక్షేపంగా చూసే అలవాటు కూడా ఒకటుంది. ఆమె మొదటి ఆల్బమ్ 2014లో వచ్చింది, రెండోది 2019లో. మధ్యలో ఐదేళ్లు! ఈ ఐదు పాటలు దేనికోసమూ ఎదురుచూస్తున్నట్టు ఉండవు.

ఆఖరి పాట 'మదర్‌క్రీప్' ఆ చిత్రంలో లేదు. అందుకేనేమో, నేను చదివినవాటిలో దాని ప్రస్తావన తక్కువ. ఐదింట్లో నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. నెమ్మదిగా సాగుతుంది. గొంతు మీద గొంతు పేర్చుకుంటూ వెళ్తారు. ఆమె చెప్పిన బృందగానం సంగతి ఇక్కడ చెవికి అందుతుంది. వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదట దీన్నే వినండి. ఆ తర్వాత మిగతా నాలుగు పాటలు. చిత్రం అన్నిటికంటే చివర.