పక్క బల్ల, పై అంతస్తు, పక్క ఊరు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు విషయం, కలిసి పనిచేసేవాళ్లు ఎంత దగ్గరగా ఉండాలి, దూరమైతే వ్యాపారానికి ఏమవుతుంది అన్నది. మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్ గారు స్టూడియోలో ఉన్నారు. నమస్కారం మేడమ్.

ప్రొఫెసర్: నమస్కారమండీ. ముందే చెప్తున్నా, ఎవరు ఏమడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే. అడుగులు లెక్కపెట్టారా? ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి నడిచి లెక్కపెట్టాలి. అది చేయకుండా ఫోన్ చేస్తే నాకు కోపం వస్తుంది.

వ్యాఖ్యాత: (నవ్వు) మొదటి ఫోన్. హలో, చెప్పండి.

కాలర్: హలో మేడమ్, మాదాపూర్ నుంచి. మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, పద్నాలుగు మందిమి. కరోనా అప్పట్నుంచీ ఇళ్ల నుంచే పని. ఇప్పుడు ఐదు రోజులూ ఆఫీసుకి రమ్మందామని మా పార్ట్‌నర్ పట్టుబడుతున్నాడు. సగం మంది కాకినాడ, వరంగల్ వెళ్లి స్థిరపడిపోయారు.

ప్రొఫెసర్: పని ఆలస్యమవుతోందా?

కాలర్: పాతవాళ్లది లేదండీ. కొత్తగా చేరిన ముగ్గురే, ఆరు నెలలైనా అందుకోలేకపోతున్నారు.

ప్రొఫెసర్: అందుకోలేరు. పెద్ద సమస్య వస్తే ఎవరైనా ఫోన్ చేస్తారు. చిన్న అనుమానానికే ఎవరూ చేయరు. ‘ఇంత మాత్రం తెలీదా అనుకుంటారేమో’ అని కొత్త కుర్రాడు మధ్యాహ్నమంతా ఒక్కడే గింజుకుంటాడు. పక్క కుర్చీలో సీనియర్ ఉంటే తల తిప్పి అడిగేస్తాడు. దూరం మింగేసేది ఈ చిన్న ప్రశ్నల్నే. మైక్రోసాఫ్ట్ తన 61 వేల మంది అమెరికా ఉద్యోగుల లెక్కలు తీసి 2021లో ప్రచురించింది. ఇళ్లకెళ్లాక ఎవరి జట్టులో వాళ్లు బిగుసుకుపోయారు, పక్క జట్లతో మాటలు పలచబడ్డాయి.

కాలర్: అయితే ఐదు రోజులూ రమ్మనాలా?

ప్రొఫెసర్: అనొద్దు. చైనాలో ట్రిప్‌డాట్‌కామ్ అనే ట్రావెల్ కంపెనీ 1,612 మందిని పుట్టిన తేదీ సరా బేసా అని చూసి రెండుగా విడగొట్టింది. ఒక సగానికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని. ఆరు నెలలు చూశారు. పనితీరు ఏమీ పడిపోలేదు, ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. 2024లో వచ్చింది ఆ లెక్క. కొత్తవాళ్లనీ, వాళ్లకి నేర్పే సీనియర్లనీ ఒకే రోజుల్లో రమ్మనండి. సోమవారం ఇతను, బుధవారం అతను వస్తే ఖాళీ కుర్చీని అడుగుతాడా?

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. తర్వాతి ఫోన్ విజయవాడ నుంచి.

కాలర్: నమస్కారం మేడమ్ గారూ. పేరొద్దండీ, మా వర్కర్లు కూడా వింటారు ఈ ప్రోగ్రాం. మాది ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. మా నాన్నగారు పెట్టింది. ఆయన వెల్డర్‌గా మొదలయ్యారండీ, అప్పట్లో ఆటోనగర్ అంటే...

వ్యాఖ్యాత: రేడియో కాస్త తగ్గించి మాట్లాడండి.

కాలర్: ఆఁ, తగ్గించానండీ. కంపెనీ నుంచి ఛాసిస్ వస్తుంది, అంటే ఇంజనూ చక్రాలూ ఉన్న ఒట్టి చట్రం. దాని మీద మేం ఫ్రేమ్ వెల్డింగ్ చేసి, రేకు కొట్టి, చెక్క పరిచి, వైరింగ్ లాగి, పెయింట్ వేసి ఇస్తాం. అంతా ఒక్క షెడ్డులోనే జరిగేది. అద్దె పెంచేశారని రెండేళ్ల కిందట పెయింటింగూ, వైరింగూ ఎనికేపాడు వైపు ఇంకో షెడ్డుకి మార్చాను. దాన్ని మా బావమరిది చూసుకుంటాడు. మంచివాడేనండీ, కాకపోతే కాస్త...

ప్రొఫెసర్: ఇబ్బంది ఏంటి?

కాలర్: తిరుగు పని ఎక్కువైందండీ. మొన్న ఒక బండికి వెనక లైటు వైరు పోవాల్సిన పైపుని మావాడు వెల్డింగ్ చేసి మూసేశాడు. అది అక్కడికెళ్లాక ఎలక్ట్రీషియన్ చూసి మళ్లీ కోయించాడు. కోస్తే రేకు కమిలింది. మళ్లీ పుట్టీ, మళ్లీ ప్రైమరు. లారీ ఓనరేమో రోజూ వచ్చి ‘నా ఈఎంఐ నడుస్తోంది, బండి నడవట్లేదు’ అని కూర్చుంటాడు. నేననేది, రెండు షెడ్లలో కెమెరాలు పెట్టి, ఫోన్లో చూసుకుంటూ ఉంటే ఎలా ఉంటుందంటారు?

ప్రొఫెసర్: కెమెరా సంగతి తర్వాత. ఒకే షెడ్డులో ఉన్నప్పుడు ఈ పైపు మూసెయ్యడం జరిగేదా?

కాలర్: ఎలా జరుగుతుందండీ! ఎలక్ట్రీషియన్ అక్కడే టీ తాగుతూ ‘ఒరేయ్, ఆగు, అది మూయకు’ అని అరిచేవాడు.

ప్రొఫెసర్: మీరు అద్దె మిగిల్చారు, ఆ అరుపు పోగొట్టుకున్నారు. అది ఏ ఖాతా పుస్తకంలోనూ ఉండదు. అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో థామస్ అలెన్ అనే ఆయన ఇంజినీర్ల మధ్య మాటల్ని లెక్కగట్టి 1977లో పుస్తకంగా వేశాడు. బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు జారుడుబండ మీద జారినట్టు పడిపోతాయి. యాభై మీటర్లు దాటితే ఇద్దరి మధ్యా వారానికి ఒక్క మాట కూడా కష్టమే. యాభై మీటర్లంటే మీ షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఉంటుందేమో. మీరు కిలోమీటర్లు పెట్టారు.

కాలర్: ఫోన్లున్నాయి కదండీ ఇప్పుడు. వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాను. అందులో అందరూ గుడ్ మార్నింగ్ ఫొటోలే.

ప్రొఫెసర్: మరే. ఆ అలెనే తర్వాత ఇంకోటి గమనించాడు. రోజూ ముఖం చూసుకునేవాళ్లే ఒకరికొకరు ఫోన్లూ ఎక్కువ చేసుకుంటారు. కళ్లబడని మనిషి ఫోన్లోనూ గుర్తురాడు. ఫోను దూరాన్ని చెరిపేస్తుందని నమ్మకండి.

కాలర్: అయితే కెమెరాలు పెట్టమంటారా?

ప్రొఫెసర్: (కాస్త గట్టిగా) కెమెరా ‘ఆగు, మూయకు’ అని అరుస్తుందా? మూసేసిన పైపుని మీకు చూపిస్తుంది, అంతే.

కాలర్: అదీ నిజమే. మరి మళ్లీ అంతా ఒకచోటికి తెమ్మంటారా? ఆ అద్దె నా వల్ల కాదండీ.

ప్రొఫెసర్: అంతా అక్కర్లేదు. పెయింట్ అక్కడే ఉంచండి. వెల్డింగ్ నిప్పురవ్వల పక్కన థిన్నర్ డబ్బాలు లేకపోవడమే మంచిది, దుమ్మూ పడదు. తయారైన బాడీని పెయింటర్‌కి ఒక్కసారి అప్పగిస్తే సరిపోతుంది. వెల్డర్, ఎలక్ట్రీషియన్ అలా కాదు, గంటగంటకీ ఒకడి పని ఇంకొకడి చేతిలో ఉంటుంది. ఎవరి పని ఎవరి మీద ఆధారపడిందో చూసుకుని వాళ్లిద్దర్నే దగ్గర చేయండి. ఎలక్ట్రీషియన్‌ని రేకు మూసేదాకా ఆటోనగర్‌లోనే ఉంచండి.

కాలర్: ఉంచొచ్చు. కాకపోతే... ఎలక్ట్రీషియన్‌ని అక్కడికి పంపిందే మా బావమరిదండీ. మా వెల్డింగ్ మేస్త్రికీ బావమరిదికీ పడదు. ఒక పెళ్లిలో మాటా మాటా వచ్చింది. అందుకే అసలు ఆ షెడ్డు...

ప్రొఫెసర్: (నవ్వు) అదిగో! ఇంతసేపూ అద్దె అన్నారు.

కాలర్: అద్దె కూడా ఉందండీ.

ప్రొఫెసర్: ఉంటుంది. చూడండి బాబూ, పడని ఇద్దర్ని దూరం పెడితే గొడవ కనబడకుండా పోతుంది, తగ్గదు. ఆ గొడవ ఖరీదు ఇప్పుడు మీ పుట్టీ, ప్రైమరు లెక్కలో వస్తోంది. బావమరిదితో మీరే కూర్చుని మాట్లాడాలి, అది నేను ఫోన్లో చేయలేను. ఎలక్ట్రీషియన్‌ని మాత్రం సోమవారమే తెప్పించండి.

కాలర్: అలాగేనండీ. మా ఆవిడ కూడా ఇదే మాట అంటుంది, కాకపోతే తమ్ముడి తప్పు అనదు. ఇంకొక్క చిన్న...

వ్యాఖ్యాత: చాలా మంది లైన్లో ఉన్నారండీ. ధన్యవాదాలు. హలో, తర్వాత ఎవరు?

కాలర్: గచ్చిబౌలి నుంచి, హెచ్‌ఆర్‌లో చేస్తానండీ. మా ఆఫీసులో క్యాబిన్లన్నీ తీసేసి, అందర్నీ ఒకే హాల్లో బారుగా కూర్చోబెడుతున్నారు, దగ్గరైతే మాట్లాడుకుంటారని.

ప్రొఫెసర్: మాట్లాడుకోరమ్మా. హార్వర్డ్‌లో బెర్న్‌స్టీన్, టర్బన్ ఇద్దరూ 2018లో వెల్లడించారు. ఇలా గోడలు తీసేసిన రెండు కంపెనీల్లో ఉద్యోగుల మెడలో సెన్సార్లు వేసి కొలిస్తే, ఎదురెదురు మాటలు 70 శాతం దాకా పడిపోయాయి, ఈ-మెయిళ్లు పెరిగాయి. అందరూ చూస్తుంటే మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకుని ముడుచుకుంటాడు. దగ్గర కావాలి, మాట్లాడుకోడానికి కాస్త చాటూ కావాలి. మీ కొత్త హాల్లో ఇద్దరు నిలబడి మాట్లాడుకునే మూల ఉందా?

కాలర్: లేదు మేడమ్. ప్రింటర్ దగ్గరే.

ప్రొఫెసర్: ఆ ప్రింటర్‌ని మాత్రం ఎవర్నీ కదపనీయకండి.

వ్యాఖ్యాత: బాగుంది. తర్వాత, బేగంబజార్ నుంచి.

కాలర్: నమస్తే మేడమ్. మా సందులో అన్నీ స్టీలు సామాను దుకాణాలే. అటు పక్క వాడిదీ అదే, ఇటు పక్క వాడిదీ అదే. గిరాకీ పంచుకుంటున్నాం. నేను ఒక్కణ్ణే కొంపల్లి వైపు పోదామనుకుంటున్న.

ప్రొఫెసర్: పెళ్లికి సామాను కొనేవాళ్లు బేగంబజార్ ఎందుకొస్తారు?

కాలర్: అన్ని షాపులు ఒక్కకాడ ఉంటయని.

ప్రొఫెసర్: మరి మీరే చెప్పారుగా. ఇంకోటి, ఏ రకం కొత్తగా దిగింది, ఏ ఊరి వ్యాపారి బాకీ ఎగ్గొట్టాడు, ఇవన్నీ మీకు పక్క దుకాణం మెట్ల మీదే తెలుస్తాయి. ఒకే పనివాళ్లు ఒకచోట చేరితే ఆ పని గుట్టు గాలిలోనే ఉంటుందన్న అర్థంలో మార్షల్ అనే ఆర్థికవేత్త 1890లోనే రాశాడు. కొంపల్లిలో గోడౌన్ పెట్టుకోండి, దుకాణం కదపొద్దు.

వ్యాఖ్యాత: థాంక్యూ. అమెరికా, డాలస్ నుంచి ఒక శ్రోత. హలో? హలో... లైన్ కట్టయింది. చివరి ఫోన్, ఆత్రేయపురం నుంచి. త్వరగా అడగండమ్మా.

కాలర్: నమస్కారమండీ. పూతరేకుల వ్యాపారం. రేకులు ఇరవై ఇళ్లలో ఆడవాళ్లు ఎవరి కుండ మీద వాళ్లు వేసి ఇస్తారు. చుట్టడం, ప్యాకింగ్ మా ఇంట్లో. అందర్నీ తెచ్చి ఒక పెద్ద షెడ్డులో పెడదామా అని. ఒక్కోసారి రేకు మందంగా వస్తోందండీ, చుడితే విరుగుతోంది.

ప్రొఫెసర్: అడుగులు లెక్కపెట్టారా?

కాలర్: పెట్టానండీ, ఇందాక మీరన్నాక. దగ్గరిల్లు నలభై అడుగులు. దూరం ఇల్లు కాలవ అవతల, లెక్క తప్పింది.

ప్రొఫెసర్: (నవ్వు) ఇవాళ మీరొక్కరే నా మాట విన్నారు. షెడ్డు వద్దమ్మా. ఆ ఇరవై మందికీ ఒకరితో ఒకరికి పనిలేదు, ఎవరి కుండ వాళ్లది. ఇరవై పొయ్యిలు ఒకచోట పెడితే సెగకి చస్తారు. పని ఉన్నది రేకు వేసే ఆవిడకీ, చుట్టే ఆవిడకీ మధ్య. రేకు మందమైందన్న సంగతి వేసినావిడకి ఎప్పుడు తెలుస్తోంది?

కాలర్: రెండు రోజులకండీ, డబ్బులు తగ్గించి ఇచ్చినప్పుడు.

ప్రొఫెసర్: అప్పటికి ఆ పిండి ఎంత పలచగా కలిపిందో ఆవిడకే గుర్తుండదు. చుట్టేవాళ్లలో చెయ్యి తిరిగిన ఒకావిణ్ణి రోజూ పొద్దున్నే ఆ ఇళ్లకి పంపండి. కుండ దగ్గర నిలబడి మొదటి నాలుగు రేకులు చుట్టి చూడమనండి. ముందు కాలవ అవతల ఇంటికి.

కాలర్: ఆ ఇంటి రేకులే ఎక్కువ విరుగుతున్నాయండీ.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది, క్షమించాలి. ప్రొఫెసర్ గారికి, ఫోన్ చేసినవారికి ధన్యవాదాలు. తర్వాత ప్రాంతీయ వార్తలు.