గోడకి అతికినట్టు ఉండాలి, గోడని తాకకూడదు: విశాఖ ఇంట్లో పుస్తకాల అల్మరా

(తెర మీద: ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాట్ హాలు. ఖాళీ గోడ. దాని ముందు అట్టపెట్టెలు, టేపు, పెన్సిలు.)

నమస్కారం. ఈ అట్టపెట్టెల నిండా నాన్నగారి పుస్తకాలే. ఈ గోడ మొత్తానికి ఒక అల్మరా కట్టించి అందులో సర్దాలని పని మొదలుపెట్టాను. కట్టడానికే నెల పట్టింది. అందులో మూడు వారాలు చెక్క ఇంటికే రాలేదు. ఆ మూడు వారాలూ గోడని చూడటానికే సరిపోయాయి. ఈ వీడియోలో ఎక్కువ భాగం దాని గురించే చెబుతాను. మన విశాఖలో పుస్తకాల అల్మరా పాడైందంటే చాలాసార్లు తప్పు చెక్కది కాదు, దాని వెనకున్న గోడది.

(తెర మీద: పాత ఫొటో. మధ్యలో కిందికి వంగిపోయిన అరలు.)

ఇది మా పాత ఇంటి అల్మరా. సముద్రం వైపున్న బయటి గోడకి ఆనించి, మూడడుగుల వెడల్పు అరలతో, పార్టికల్ బోర్డుతో, అంటే చెక్కపొట్టు అదిమి చేసిన పలకతో చేయించాం. మొదటి ఏడాది చాలా బాగుంది. రెండో వానాకాలానికి కింది పలక ఉబ్బింది. వెనక్కి చేయి పెడితే తడి తగిలేది. అరలు మధ్యలో దిగిపోయాయి. అన్నింటికన్నా బాధ ఏమిటంటే, నాన్నగారు పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్న పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తుంటే ఆ గుర్తులే చిరిగిపోయాయి. ఈసారి అలా జరగకూడదని గట్టిగా అనుకున్నాను.

(తెర మీద: గోడ మీద నాలుగు వైపులా టేపుతో అంటించిన ప్లాస్టిక్ ముక్క.)

మొదటి పని ఇది. రెండడుగుల చదరం ప్లాస్టిక్ షీటు తీసుకోండి. గాలి దూరకుండా నాలుగు అంచులా టేపు వేసి గోడకి అంటించండి. రెండు మూడు రోజులు వదిలేయండి. తీసి చూసినప్పుడు గోడ వైపు నీటి చుక్కలుంటే గోడలోంచి చెమ్మ వస్తోందని అర్థం. మన వైపు చుక్కలుంటే అది గదిలోని గాలి చెమ్మ. వీలైతే ఈ పరీక్ష వానల్లోనే చేయండి. మార్చిలో పొడిగా కనిపించే గోడే అక్టోబరులో నీరు కక్కుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ సందుల్లోంచి నీళ్లు ఎలా చిమ్మాయో ఇక్కడున్నవాళ్లెవరూ మర్చిపోరు. అంత గాలివాన ఏటా రాకపోవచ్చు. చిన్న తుపాను గాలికి కూడా బయటి గోడ పగుళ్లలోకి నీరు చేరుతుంది.

మా హాల్లో రెండు గోడలు చూశాం. తూర్పు గోడ మీద ప్లాస్టిక్ వెనక చుక్కలు కనిపించాయి. పడకగదికీ హాలుకీ మధ్యనున్న లోపలి గోడ పొడిగా ఉంది. చూడటానికి తూర్పు గోడే అందంగా ఉండేది, పక్కనే కిటికీ, వెలుతురు. అయినా లోపలి గోడకే ఓటు వేశాను. మీకు బయటి గోడ తప్ప వేరే దారి లేకపోతే, ముందు బయటివైపు పగుళ్లు పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒక వానాకాలం గడిచాక అల్మరా పెట్టండి. లోపల రంగు వేసి చెమ్మని కప్పేస్తే సరిపోదు.

ఇక్కడ చాలామంది అడిగే మాట ఒకటుంది. వన్ టౌన్ వైపు పాత ఇళ్లలో గోడలోనే గూళ్లుండేవి కదా, కడప బండలు అడ్డంగా దిగేసి అల్మరా చేసేవారు కదా, ఇప్పుడూ అలాగే గోడ తొలిచి పెట్టొచ్చా అని. ఆ అల్మరాలంటే నాకూ చాలా ఇష్టం. చెద పట్టదు, వంగదు, ఉబ్బదు. అవి మందపాటి గోడలు కాబట్టి, కట్టేటప్పుడే ఆ గూళ్లు వదిలారు కాబట్టి కుదిరింది. ఇప్పటి ఫ్లాట్లలో లోపలి గోడ నాలుగున్నర అంగుళాలే. కొన్ని కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలన్నీ కాంక్రీటే, పైఅంతస్తుల బరువు మోసేవి అవే. వాటిని తొలవకండి. సొంత ఇల్లు కొత్తగా కట్టుకుంటున్నవాళ్లు మాత్రం ఇప్పుడే మేస్త్రితో మాట్లాడుకోండి, కడప బండ అరలు హాయిగా పెట్టించుకోవచ్చు.

(తెర మీద: బాత్రూం తూకం మీద పేర్చిన పుస్తకాలు.)

ఇప్పుడు బరువు. అడుగు పొడవున పేర్చిన మామూలు తెలుగు పుస్తకాలు మా ఇంట్లో ఏడు కిలోలు తూగాయి. నున్నటి కాగితం మీద అచ్చైన పెద్ద పుస్తకాలు పది దాటాయి. మా అల్మరా నిండితే 400 కిలోల పైమాటే. ఇళ్లలో గదులకి శ్లాబు మీద చదరపు మీటరుకి సుమారు 200 కిలోల లెక్కతో డిజైన్ చేస్తారు. గోడ పక్కన, కింద బీము ఉన్నచోట ఈ అల్మరా నిలబడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ముందుకి వేలాడే బాల్కనీని మూసేసి గది చేసుకున్నచోట మాత్రం ఇంత బరువు పెట్టకండి. అనుమానం ఉంటే ఇంజనీరుకి ఒకసారి చూపించండి.

అర ఎందుకు వంగుతుందో కూడా చెబుతాను. అర పొడవు పెరిగితే దాని మీద పుస్తకాలూ పెరుగుతాయి, రెండూ కలిసి వంపుని పెంచుతాయి. రెండడుగుల అరని మూడడుగులు చేస్తే వంపు ఒకటిన్నర రెట్లు కాదు, ఐదు రెట్లవుతుంది. 18 మి.మీ. పలక బదులు 25 మి.మీ. వేస్తే వంపు రెండున్నర రెట్లకి పైగా తగ్గుతుంది నిజమే, కానీ డబ్బూ బరువూ పెరుగుతాయి. అందుకని నా సలహా, మందం కన్నా ముందు పొడవు తగ్గించండి. రెండడుగులు దాటనివ్వకండి.

(తెర మీద: కాగితం మీద గీసిన నాలుగు నిలువు డబ్బాలు.)

గోడ వెడల్పు పైన 98 అంగుళాలు, మధ్యలో 97 ముప్పావు, కింద 98 పావు వచ్చింది. ఏ గోడా తిన్నగా ఉండదు, మూడు చోట్ల కొలిచి తక్కువ దాన్నే తీసుకోవాలి. ఒక్కొక్కటి 24 అంగుళాల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న నాలుగు డబ్బాలు చేయించి పక్కపక్కన బిగించాం. మొత్తం 96 అంగుళాలు. రెండు పక్కలా మిగిలిన సందుల్లో సన్నటి పట్టీలు, గోడ వంకర ఎలా ఉంటే అలా చెక్కి పెట్టారు. గోడలోంచే పుట్టినట్టు కనిపించేది ఆ పట్టీల వల్లే.

లోతు 12 అంగుళాలు అనుకున్నాను. మా కార్పెంటర్ గారు ఒప్పుకోలేదు. "షీటు నాలుగడుగులే గానీ రంపం కూడా తింటాది కదమ్మా" అన్నారు. నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటులో 12 అంగుళాల పట్టీలు నాలుగు రావు, మూడే వస్తాయి. ప్రతి కోతకీ రంపం కొన్ని మిల్లీమీటర్లు పొట్టు చేస్తుంది. పదకొండున్నర చేస్తే నాలుగు పట్టీలు వస్తాయి. మామూలు డెమీ సైజు పుస్తకం వెడల్పు ఐదున్నర అంగుళాలే కాబట్టి ఆ అర అంగుళం వల్ల పోయేదేమీ లేదు. పక్క పలకలకి రెండు షీట్లు, అరలకీ పైకప్పులకీ అడుగులకీ రెండు, మొత్తం నాలుగు షీట్లతో పని అయిపోయింది. వెనక పలకకి 6 మి.మీ. షీట్లు రెండు.

ప్లైవుడ్ కొనేటప్పుడు షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడండి. దాన్నే మెరైన్ ప్లై అంటారు. ఆ ప్లైని మూడు రోజులు, అంటే 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు ఊడకూడదన్నది అందులోని పరీక్ష. చవగ్గా వచ్చే కమర్షియల్ ప్లై సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో బాగానే పనిచేస్తుంది, ఇక్కడ నేను వాడను. ఎంత మంచి ప్లై అయినా కోసిన అంచు నోరు తెరిచి ఉంటుంది, చెమ్మ అక్కడినుంచే ఎక్కుతుంది. ముందు అంచులకి టేకు బీడింగ్, అంటే సన్నటి చెక్కపట్టీ కొట్టించండి. కనపడని వెనక అంచులకి కూడా రెండు పూతలు ప్రైమర్ వేయించండి. కనపడవు కదా అని వదిలేసేది సరిగ్గా వాటినే. స్క్రూలు, క్లాంపులు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి, మామూలువి ఉప్పుగాలికి తుప్పు పట్టి లామినేట్ మీద మరకలు దించుతాయి.

(తెర మీద: నేల మీద నాలుగంగుళాల గ్రానైట్ పీఠం.)

ఈ పీఠం ఇటుకతో కట్టి పైన గ్రానైట్ పట్టీ వేశాం, వంటింటి గట్టు కింద వేసినట్టు. మనం నేల తడిబట్టతో తుడుస్తాం, పండగలకి నీళ్లు పోసి కడుగుతాం. చెక్క పీఠమైతే ఆ నీళ్లన్నీ తాగుతుంది. పీఠం కట్టే ముందే గోడ, నేల కలిసేచోట చెదల మందు కొట్టించండి, తర్వాత అక్కడికి చేయి వెళ్లదు.

రసమట్టం పెట్టి పీఠం చదును చూశాక డబ్బాలు నిలబెట్టాం. వెనక గోడకీ డబ్బాకీ మధ్య అంగుళం సందు వదిలాం. పీఠంలో రెండు చోట్ల చిన్న జాలీలు, పైన సందు మీద సన్నటి మెష్. కింద దూరిన గాలి వెనకనుంచి పైకి పోతుంది, బల్లులు దూరవు. పైన మాత్రం ప్రతి డబ్బానీ ఎల్ క్లాంపుతో గోడకి బిగించాలి, మధ్యలో అంగుళం చెక్కముక్క పెట్టి. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి, అరలు పట్టుకుని ఎక్కుతారు. తేలికపాటి బ్లాకుల గోడ అయితే స్క్రూ కోసం గోడలో దిగేసే మామూలు ప్లగ్గులు పట్టవు, ఆ బ్లాకులకి వేరే ప్లగ్గులు దొరుకుతాయి. గోడ మీద స్విచ్‌బోర్డు ఉంటే వెనక పలకలో కిటికీలా కోయించండి, మూసేయకండి.

అరల్లో మధ్యది స్క్రూలతో బిగించాం, డబ్బా విరుచుకోకుండా అదే పట్టి ఉంచుతుంది. మిగతావి పిన్నుల మీద నిలుస్తాయి. కింది అర 14 అంగుళాలు, పాత వారపత్రికల బైండ్లకీ ఆల్బమ్‌లకీ. పైవి పదిన్నర పైచిలుకు. అద్దం తలుపులు కావాలా అంటే, అరుదైన పుస్తకాలున్న ఒక్క డబ్బాకి పెట్టించండి, తలుపు కింద కాస్త సందు వదలండి. రోజూ చదివేవాటికి తెరిచిన అరలే నాకిష్టం. చేయి తగులుతూ ఉంటే పుస్తకానికి గాలి తగులుతుంది.

(తెర మీద: కింది అరలో మొదటి పుస్తకాల వరస.)

జిగురు, పాలిష్ వాసన పూర్తిగా పోయేదాకా పది రోజులు ఆగాం. తర్వాత కింది అరనుంచి మొదలుపెట్టాం, పైనుంచి కాదు. పుస్తకాన్ని వెనక పలకకి నొక్కకుండా రెండు వేళ్ల సందు వదిలి, ముందు అంచు వరసకి సర్దాం. అంటుకుపోయిన పేజీల పుస్తకాలు పదకొండు ఉన్నాయి. వాటిని కళ్లెత్తితే కనపడే అరలో, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాను.